దొరికిన చోటు అడగండి: పురావస్తు మ్యూజియంల గురించి పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

సెలవులు దగ్గర పడుతున్నందువల్ల కాబోలు, ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో అధిక భాగం మ్యూజియంలకు, విశాఖ చుట్టుపక్కల కొండల మీద ఉన్న బౌద్ధ క్షేత్రాలకు సంబంధించినవే. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాము. పాఠకుల కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా పిల్లలిద్దరూ హైస్కూలులో చదువుతున్నారు. పాఠంలో శాతవాహనులు, స్తూపాలు, రోమన్ వర్తకం అని ఉంది కదా అని బీచ్ రోడ్డులోని మ్యూజియానికి తీసుకువెళ్ళాను. అక్కడ కత్తులు, తుపాకులు, జమీందారుల చిత్రపటాలు కనిపించాయి గాని పాఠంలో ఉన్నవి కనిపించలేదు. విశాఖలో ఉన్నవాళ్ళు ప్రాచీన వస్తువులు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?
– ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మీరు వెళ్ళిన విశాఖ మ్యూజియం పాత డచ్చి బంగళాలో 1991లో ప్రారంభమైంది. అది ప్రధానంగా ఈ పట్టణపు గత రెండు మూడు శతాబ్దాల జ్ఞాపకాలను దాచిపెట్టిన చోటు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద వేసిన బాంబులలో పేలకుండా మిగిలినదాన్ని చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. రెండు వేల ఏళ్ళ నాటి సంగతులకు మాత్రం కొండలెక్కాలి.

నా సలహా ఏమిటంటే, పిల్లలకు ముందు కొండను, ఆ తరువాతే అద్దాల పెట్టెను చూపించండి. సాధారణంగా మనం దీనికి తలకిందులుగా చేస్తాము. మట్టిపాత్ర ముక్క, ఒక నాణెం, స్తూపం పైనుండే గొడుగు రాయి ముక్క వరుసగా పేర్చి ఉన్న గదిలోకి నేరుగా తీసుకువెళితే పిల్లవాడికి అవి విరిగిన సామానులాగే కనిపిస్తాయి, అందులో వాడి తప్పేమీ లేదు. అదే భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కించి, రాతిలో తొలిచిన నీటి తొట్లను, భిక్షువులు వానాకాలమంతా గడిపిన విహారాల గదుల పునాదులను, స్తూపాన్ని చూపించి, ఎదురుగా ఉన్న సముద్రాన్ని చూడమనండి. 1976లో నౌకాదళం వారు జరిపిన విమాన సర్వేలో ఈ చోటు బయటపడిందని, 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు చేసిందని, శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయని అక్కడే నిలబడి చెప్పండి. రోమన్ నాణెం ఈ కొండ మీదికి ఎలా వచ్చిందని పిల్లలే అడుగుతారు. ఎదురుగా సముద్రం ఉంటుంది గనుక జవాబు కూడా చాలావరకు వాళ్ళే చెబుతారు.

బావికొండ, భీమిలి దగ్గరి పావురాలకొండ, అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ కూడా ఒక్కొక్క పూటలో చూసి రాగలిగినవే. వీటిలో ఒకటే చూడగలిగితే నేను బొజ్జన్నకొండ చూడమంటాను, ఎందుకంటే పక్కనే ఉన్న లింగాలకొండ తప్ప మిగతా చోట్ల ఇటుక కట్టడాల అడుగు భాగాలే మిగిలాయి గాని ఇక్కడ కొండనే తొలిచి గుహలు, ఏకశిలా స్తూపాలు చేశారు కాబట్టి కళ్ళకు కనిపించేది ఎక్కువ.

కొండ, మ్యూజియం రెండూ ఒకే చోట కావాలంటే ఒక రోజు కేటాయించుకొని శ్రీకాకుళం జిల్లాలోని శాలిహుండం వెళ్ళండి. వంశధార ఒడ్డున, కళింగపట్నానికి చేరువలో ఉన్న ఈ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఆయనను ఎరిగిన మనం ఈ సంగతిని మరిచిపోతుంటాము. అక్కడి మ్యూజియంలో తారాదేవి, మారీచి వంటి విగ్రహాలను చూస్తారు. తొట్లకొండ మీది తొలినాటి హీనయాన సంప్రదాయానికీ, తరువాతి శతాబ్దాలలో దేవతామూర్తులతో నిండిన వజ్రయానానికీ మధ్య ఉన్న దూరం ఆ విగ్రహాల ముందు నిలబడితే తెలుస్తుంది.

ప్రశ్న: అమరావతి శైలి పలకల ముందు ఎంతసేపు నిలబడినా అందులో ఏముందో అర్థం కాదు. "సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్ది" అని చీటీ మాత్రం ఉంటుంది. బుద్ధుడి కథ అంటారు గాని కొన్ని పలకలలో బుద్ధుడే కనిపించడు. మాలాంటివాళ్ళు ఎలా చూడాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గాజువాక

జవాబు: బుద్ధుడు కనిపించని పలకే పాతది కావచ్చు. తొలి దశలో శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా ఖాళీ సింహాసనం, బోధివృక్షం, పాదముద్రలు, ధర్మచక్రం, నిప్పులు ఎగసే స్తంభం వంటి గుర్తులతోనే ఆయన అక్కడ ఉన్నాడని సూచించారు. కాబట్టి చుట్టూ జనం చేతులు జోడించి ఒక ఖాళీ పీఠం వైపు చూస్తున్నారంటే ఆ పీఠమే కథానాయకుడు. తరువాతి పలకలలో గుర్తులు, మనిషి రూపం రెండూ కలిసి కూడా కనిపిస్తాయి.

రెండవ సంగతి, ఈ శిల్పులు ఒకే చట్రంలో ఒకే వ్యక్తిని రెండు మూడు సార్లు చెక్కుతారు. మదరాసు మ్యూజియంలో ఉన్న నాలాగిరి ఏనుగు పలకను చూసినవారికి ఇది తెలుస్తుంది. గుండ్రని ఆ ఒక్క పతకంలో ఒకవైపు మదించిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తుంటుంది, మరొకవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ఏనుగులు రెండు కావు, క్షణాలు రెండు. మేడల మీది కిటికీలలో నుంచి తొంగిచూస్తున్న స్త్రీల ముఖాలలోని భయాన్ని కూడా శిల్పి వదలలేదు. ఇంత సన్నని పని సాధ్యం కావడానికి పల్నాటి సున్నపురాయి గుణం కూడా ఒక కారణం, ఉలికి లొంగే రాయి అది.

మూడవది, ఆ పలక స్తూపంలో ఏ చోట ఉండేదో అడగండి. చుట్టూ ఉండే ప్రాకారపు స్తంభమా, అండానికి, అంటే స్తూపపు గుమ్మటానికి, తొడిగిన పలకా, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన ఆయక వేదికల మీద ఐదేసి చొప్పున నిలిపిన స్తంభాలలో ఒకటా అనేది తెలిస్తే దాని ఆకారానికి అర్థం వస్తుంది. ప్రాకారం లోపలి ముఖం ప్రదక్షిణం చేసే భక్తుడికి కనిపించేది, బయటి ముఖం దారిన పోయేవాడికి కనిపించేది. మ్యూజియంలో గోడకు ఆనించి నిలబెట్టినప్పుడు ఈ తేడా పోతుంది. నిండు పూలతో ఉన్న పూర్ణకుంభం పలక కనిపిస్తే మాత్రం పిల్లలను పిలిచి చూపించండి, 2018లో రూపొందిన ఆంధ్రప్రదేశ్ రాజచిహ్నంలో ఉన్నది అమరావతి శిల్పంలోని ఆ పూర్ణఘటమే.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. రాతి విగ్రహం దగ్గర "క్రీ.శ. 3వ శతాబ్ది" అని రాసి ఉంటుంది. రాయికి కార్బన్ పరీక్ష పనికిరాదని చదివాను. మరి ఏ ఆధారంతో రాస్తారు? ఊహించి రాస్తారని మా స్నేహితుల వాదన.
– మధురవాడ

జవాబు: మీరు చదివింది నిజం. కార్బన్-14 పరీక్ష ఒకప్పుడు ప్రాణమున్న పదార్థానికే, అంటే బొగ్గు, ఎముక, గింజ, కలప వంటివాటికే వర్తిస్తుంది. ఆ కార్బన్ పరిమాణం సుమారు 5,730 ఏళ్ళకు సగమవుతుందన్న లెక్క మీద ఆ పద్ధతి నడుస్తుంది. రాయి వయస్సు భూగర్భ శాస్త్రజ్ఞుడికి కోట్ల ఏళ్ళలో ఉంటుంది గాని, దాన్ని ఎప్పుడు చెక్కారన్నది రాయి తనంతట తాను చెప్పదు.

అయినా అది ఊహ కాదు. ఒకదానితో ఒకటి సరిచూసుకున్న అనేక సాక్ష్యాల మీద వచ్చిన నిర్ధారణ. మొదటి సాక్ష్యం మట్టి పొరలు. మనుషులు ఒకే చోట వందల ఏళ్ళు నివసిస్తే పాత నేల మీద కొత్త నేల పేరుకుంటుంది. తవ్వేవారు ఒక్కొక్క పొరను విడదీసి, ఏ వస్తువు ఏ పొరలో ఎంత లోతున దొరికిందో నమోదు చేస్తారు. ఎవరో తరువాతి కాలంలో తవ్విన గొయ్యి ఈ పొరలను కలిపివేస్తే లెక్క తారుమారవుతుంది, అందుకే మంచి తవ్వకంలో గొయ్యి అంచులను కూడా గీసి పెట్టుకుంటారు.

రెండవది నాణెం. ఒక పొరలో శాతవాహన రాజు పేరున్న నాణెం దొరికితే ఆ పొర ఆ రాజు కాలం కంటే ముందుది కాజాలదు, తరువాతిది మాత్రం కావచ్చు. నాణేలు ముద్రించిన తరువాత చాలా ఏళ్ళు చేతులు మారుతూ ఉంటాయి కదా. తొట్లకొండలో రోమన్ నాణెం దొరికిందంటే దాని మీది చక్రవర్తి ఏలిన ఏడాదే విహారం కట్టారని ఎవరూ అనరు, ఆ కాలంలోనో ఆ తరువాతో ఈ తీరానికి పడమటి వర్తకంతో సంబంధం ఉందని మాత్రం అంటారు.

మూడవది, నా దృష్టిలో అన్నింటికంటే ఆసక్తికరమైనది, లిపి. అశోకుడి కాలపు బ్రాహ్మి అక్షరాలు నిరాడంబరమైన గీతలు. శాతవాహనుల తరువాత నాగార్జునకొండ నుంచి ఏలిన ఇక్ష్వాకుల శాసనాలకు వచ్చేసరికి నిలువు గీతలు కిందికి పొడుగ్గా సాగి వంపులు తిరుగుతాయి. ఆ వంపులే ముందు ముందు మన తెలుగు, కన్నడ అక్షరాల గుండ్రదనానికి దారి తీశాయి. ఈ మార్పులను మెట్టు మెట్టుగా ఎరిగినవారు తేదీ లేని శాసనాన్ని కూడా సుమారు వంద ఏళ్ళ లోపు కాలానికి పరిమితం చేయగలుగుతారు. గుంటూరు సీమలో భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు ధాతు పేటికల (పవిత్ర అవశేషాలు దాచిన పెట్టెల) మీద దొరికిన రాతలు అంత ప్రసిద్ధి పొందినది కూడా ఇందుకే, దక్షిణాదిన లిపి ఎలా రూపు మారిందో చెప్పే తొలి సాక్ష్యాలలో అవి ఒకటి.

ఇక్ష్వాకు శాసనాలలో "రాజు పాలనలో ఫలానా సంవత్సరం" అని ఉంటుంది గాని ఆ రాజు ఎప్పుడు పట్టానికి వచ్చాడో ఉండదు. కాబట్టి ఆ లెక్కను లిపితో, నాణేలతో, పొరుగు రాజుల ప్రస్తావనలతో కలిపి చూడాలి. చీటీ మీద "3వ శతాబ్ది" అని ఉంటే 201 నుంచి 300 లోపు ఎప్పుడైనా అని చదువుకోండి. ఇంకొక మాట. దొరికిన చోటు తెలియని విగ్రహానికి ఈ సాక్ష్యాలలో శైలి, లిపి తప్ప మిగతావన్నీ పోతాయి. మ్యూజియం చీటీలో కాలం పక్కన "దొరికిన చోటు" రాసి ఉందా లేదా అని చూసుకుంటే, ఆ తేదీని ఎంతవరకు నమ్మవచ్చో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మన అమరావతి శిల్పాలు లండన్‌లో, మదరాసులో ఎందుకున్నాయి? వాటిని తిరిగి తీసుకురాలేమా?
– అనకాపల్లి, నర్సీపట్నం పాఠకులు కొందరు

జవాబు: మొదటి దెబ్బ తెల్లవారిది కాదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు అమరావతిలో కొత్త పట్టణం కడుతున్నప్పుడు స్తూపం పూడి ఉన్న, దీపాలదిన్నె అని పిలిచే గుట్ట నుంచి ఇటుకలు, రాళ్ళు తవ్వారు. కొన్ని కట్టడాలలోకి వెళ్ళాయి, కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1798లో మొదట చూసి, 1816లో తన చిత్రకారులతో తిరిగి వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలలో ఉన్న కొన్ని పలకలు ఈ రోజు ఎక్కడా లేవు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మదరాసు చేరి, ఆరుబయట ఎండకు వానకు పడి ఉండి, 1859లో ఓడ మీద లండన్ వెళ్ళాయి. కొన్ని దశాబ్దాలు చేతులు మారి 1880 ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. 1877లో రాబర్ట్ సీవెల్ కొంత తవ్వాడు. తరువాత మదరాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు ఆజ్ఞ మీద మిగతా గుట్టనంతా తోడివేశారు. పురావస్తు శాస్త్రజ్ఞుడు జేమ్స్ బర్జెస్ 1881లో వచ్చేసరికి స్తూపం ఉండవలసిన చోట పెద్ద గొయ్యి ఉంది.

ఈ వరుసలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఓడ ప్రయాణం కాదు. ఇలియట్ తవ్వినప్పుడు ఏ పలక ఏ చోట నిలబడి ఉందో సరైన నమోదు మిగలలేదు. పలకలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి, రేపు అమరావతికి వచ్చినా భద్రంగానే ఉండవచ్చు. అవి ఏ వరుసలో, దేని పక్కన ఏది ఉండేదో మాత్రం ఇప్పుడు ఎవరూ తిరిగి తేలేరు. నూట యాభై ఏళ్ళుగా పండితులు ఆ స్తూపం బొమ్మను మళ్ళీ మళ్ళీ గీస్తున్నది అందుకే.

ఇక తిరిగి తేవడం గురించి. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం కొద్దిపాటి మినహాయింపులు తప్ప తమ సేకరణలోని వస్తువులను వదులుకునే అధికారం ఆ సంస్థ ధర్మకర్తలకు ఇవ్వదు. అక్రమ రవాణాను అడ్డుకునే 1970 నాటి యునెస్కో ఒడంబడిక అంతకు ముందు తరలిపోయిన వస్తువులకు వర్తించదు. కాబట్టి అక్కడి పార్లమెంటు చట్టం మారాలి, లేదా తాత్కాలికంగా అరువు ప్రదర్శనకు తెచ్చుకోవాలి. అడగడం మానవలసిన పని లేదు. కాని అనకాపల్లి పాఠకులకు ఒక చిన్న మాట. మీ ఊరి పక్కనే ఉన్న బొజ్జన్నకొండ మీద కనుమ నాడు ఒక బొజ్జ ఆకారపు రాతిని రాక్షసుడనుకొని జనం రాళ్ళు రువ్వే ఆచారం మొన్నమొన్నటి దాకా ఉండేది. వారసత్వ సంరక్షణ సంస్థల వారు నచ్చజెప్పి మాన్పించవలసి వచ్చింది. గుహ గోడల మీద ప్రేమికుల పేర్లు చెక్కే అలవాటును మాన్పించడానికి లండన్ అనుమతి అక్కర లేదు.

ప్రశ్న: తొట్లకొండ స్తూపం కొత్తగా కట్టినట్టు ఉంది. అది అసలుదేనా?
– సీతమ్మధార

జవాబు: అడుగు భాగం, ప్రణాళిక అసలువి, పైన చూసే వరుసలలో చాలావరకు మరమ్మతులో పేర్చినవి. 2019లో భారీ వర్షాలకు ఆ స్తూపంలో కొంత భాగం కూలిపోవడం, తరువాత దాన్ని మళ్ళీ పేర్చడం మీకు గుర్తుండవచ్చు. ఏది పాతది, ఏది కొత్తదో చూసేవాడికి తెలిసేలా గుర్తు ఉంచడం మంచి మరమ్మతు లక్షణం. ఇటువంటి చోట్ల ఆ గుర్తు మరింత స్పష్టంగా ఉండాలని నా అభిప్రాయం.

ప్రశ్న: మ్యూజియంలో రాగి రేకుల శాసనం చూశాను. కడియానికి గుచ్చి, ఎద్దు బొమ్మ ముద్ర ఉంది. "తూర్పు గంగుల దాన శాసనం" అని తప్ప వివరం లేదు. అందులో ఏమి రాస్తారు? కడియం ఎందుకు?
– అడవివరం

జవాబు: రాగి రేకు అంటే ఆ కాలపు భూమి దస్తావేజు. రాజు ఒక బ్రాహ్మణుడికో, ఆలయానికో గ్రామమో పొలమో ఇచ్చినప్పుడు ఆ హక్కు పత్రాన్ని రాగి మీద చెక్కించి గ్రహీతకు ఇచ్చేవాడు. కుటుంబం దాన్ని తరతరాలు దాచుకునేది, కలత కాలంలో కుండలో పెట్టి భూమిలో పాతేది. అందుకే ఇవి పొలం దున్నుతుంటేనో, పునాదులు తీస్తుంటేనో బయటపడుతుంటాయి.

తయారీని జాగ్రత్తగా చూడండి. సాధారణంగా మూడు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రేకులు ఉంటాయి. మొదటి రేకు బయటి ముఖం ఖాళీగా వదిలి లోపలి ముఖం నుంచి రాత మొదలుపెడతారు, రాపిడి తగిలేది బయటి ముఖానికే గనుక. రేకుల అంచులను కొద్దిగా పైకి లేపుతారు, ఒకదాని మీద ఒకటి పడినప్పుడు అక్షరాలు అరగకుండా. అన్నింటికీ ఒక వైపు రంధ్రం చేసి కడియం గుచ్చి, కడియం కొసలను రాజముద్రతో కలిపి బిగిస్తారు. మధ్యలో కొత్త రేకు చేర్చాలన్నా, ఉన్నదాన్ని తీయాలన్నా కడియం కోయక తప్పదు, కోస్తే తెలిసిపోతుంది. శాసనాలను ప్రచురించే పండితులు "మాకు చేరేసరికి కడియం తెగి ఉంది" అనో "తెగలేదు" అనో మొదటి పేరాలోనే రాయడం అందుకే. ముద్ర మీద ఎద్దు ఉంటే కళింగ గంగులని (తూర్పు గంగులు వీరే), వరాహంతో పాటు "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు ఉంటే వేంగి చాళుక్యులని చదవకముందే చెప్పవచ్చు.

లోపల రాతకు ఒక క్రమం ఉంది. స్వస్తి వాచకం, రాజధాని పేరు, రాజు వంశ ప్రశంస, గ్రహీత గోత్రం, వేదశాఖ, దానం ఇచ్చిన సందర్భం, తరువాత పొలిమేరలు. పొగడ్తలు దాటి పొలిమేరల దగ్గరికి రండి, చదవదగ్గ భాగం అది. తూర్పున చింతచెట్టు, ఆగ్నేయాన పుట్ట, దక్షిణాన వాగు, పడమట చెరువు గట్టు అంటూ ఒక ఊరి నేల అంతా కళ్ళకు కడుతుంది. చివర శాపాలు. ఈ భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడన్న శ్లోకం అనేక శాసనాలలో పునరుక్తమవుతుంది. ఆ శాపం అంత తరచుగా అవసరమైందంటే అపహరణ ఎంత మామూలో ఊహించుకోవచ్చు.

కళింగ గంగులు తమకంటూ ఒక శకాన్ని వాడారు. అది క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైందని ఎక్కువమంది పండితుల నిర్ణయం. దానాలు గ్రహణ సమయాలలో ఇచ్చేవారు కాబట్టి, శాసనంలో చెప్పిన గ్రహణాన్ని ఖగోళ గణనతో సరిచూడడం ఇటువంటి నిర్ణయాలకు ఉపకరించింది. వారి కళింగనగరం ఈనాటి శ్రీముఖలింగమే. అడవివరంలో ఉన్న మీకు ఇంకొక సౌకర్యం ఉంది. సింహాచలం ఆలయంలోని శాసనాలు చెక్కిన చోటనే ఉన్నాయి. గంగరాజు నరసింహదేవుడు ఆలయాన్ని పునర్నిర్మించిన సంగతి చెప్పే 1268 నాటి శాసనం, శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చి సమర్పించిన కానుకలను పేర్కొన్న శాసనం అక్కడివే. దర్శనం అయ్యాక ప్రసాదం క్యూ వైపు వెంటనే నడవకుండా స్తంభాల మీదికి ఒకసారి చూపు సారించండి.

ప్రశ్న: ఇంటి పునాదులు తీస్తుంటే చిన్న కుండలో పాత నాణేలు దొరికాయి. రాగివి కొన్ని, సీసంలాంటివి కొన్ని. చింతపండుతో తోమితే బాగుంటాయని ఇంట్లో పెద్దవాళ్ళు, అమ్మితే మంచి ధర వస్తుందని తెలిసినవాళ్ళు అంటున్నారు. ఏమి చేయమంటారు?
– భీమునిపట్నం సమీప గ్రామం

జవాబు: తోమవద్దు, అమ్మవద్దు. పనివారిని ఆ మూలలో తవ్వకం ఆపమనండి.

చింతపండు పులుపు రాగి మీద వందల ఏళ్ళుగా ఏర్పడిన పచ్చని పొరను తినివేస్తుంది. అక్షరాల అంచులు చాలాసార్లు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి, మీకు మిగిలేది మెరిసే బిళ్ళ. సీసం ఇంకా సున్నితం. చెక్క పెట్టెలో పెట్టినా చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లని పొడిగా రాలిపోతుంది. పొడిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఒక్కొక్కటి విడిగా, కుండ పెంకులతో సహా ఉంచండి. కుండను పారవేయకండి, నాణేల కాలం చెప్పడానికి అదీ ఒక సాక్షి. కదిలించక ముందే ఫొటోలు తీసి ఉంటే మరీ మంచిది. లేకపోతే ఎంత లోతున, ఏ మూల దొరికాయో మరిచిపోకముందే కాగితం మీద రాసిపెట్టండి.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే మీకు రావలసిన వాటా పోవడమే గాక ఏడాది వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉంది. తెలియజేసినవారికి నష్టం లేదు, ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహపు విలువ మీద ఐదవ వంతు కలిపి ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, నకలు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. "తెలిసినవాళ్ళు" చెప్పే మంచి ధర విషయానికి వస్తే, వందేళ్ళు దాటిన పురావస్తువులను లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడం, దేశం దాటించడం 1972 నాటి చట్టం కింద నేరం.

ప్రశ్న: ఏ రోజు సెలవు? పిల్లలకు టికెట్టు ఉంటుందా? ఫొటోలు తీసుకోవచ్చా?
– పలువురు

జవాబు: భారత పురావస్తు సర్వేక్షణ శాఖ వారి క్షేత్ర మ్యూజియంలకు శుక్రవారం సెలవు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. నగరపాలక సంస్థల, రాష్ట్ర శాఖల మ్యూజియంలకు సెలవు దినాలు వేరుగా ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోండి. ఫొటోలకు అనుమతి ఉన్న చోట కూడా ఫ్లాష్ వాడవద్దు. విగ్రహాన్ని ముట్టుకోవద్దు, చేతి చెమట, జిడ్డు రాతిలోకి ఇంకి నల్లబడుతుంది. వస్తువుతో పాటు దాని చీటీని కూడా ఒక ఫొటో తీసుకోవడం మరువకండి, ఇంటికి వచ్చాక ఏది ఏమిటో గుర్తుండదు.

ప్రశ్న: మా ఊరి చెరువు గట్టున మర్రిచెట్టు కింద పద్మాసనంలో కూర్చున్న రాతి విగ్రహం ఉంది. మా వాళ్ళు అమ్మవారని పసుపు పూసి పూజిస్తారు. నాకు బుద్ధ విగ్రహమో, జైన విగ్రహమో అనిపిస్తోంది. మ్యూజియానికి అప్పగించాలా?
– విజయనగరం జిల్లా నుంచి ఒక యువకుడు

జవాబు: తొందరపడవద్దు. ఒంటి మీద వస్త్రపు మడతలు, తలపై ఉష్ణీషం, అంటే ముడిలాంటి ఉబ్బు, ఉంటే బుద్ధుడని, వస్త్రం లేకుండా రొమ్ము మీద శ్రీవత్స చిహ్నమో, తలపై మూడు గొడుగులో ఉంటే తీర్థంకరుడని ప్రాథమికంగా అనుకోవచ్చు. రామతీర్థం కొండల మీద బౌద్ధ, జైన అవశేషాలు రెండూ ఉన్న జిల్లా మీది కాబట్టి ఏదైనా కావచ్చు.

పూజ జరుగుతున్న విగ్రహాన్ని ఊరి ఇష్టానికి విరుద్ధంగా కదిలించడాన్ని నేను సమర్థించను. ఆ చెట్టు కింద నుంచి తీసివేస్తే పక్క పొలంలో ఇంకా భూమిలో ఉన్న పీఠమో, ఇటుకలో, కట్టడపు ఆనవాళ్ళో ఎవరూ వెతకరు. నాలుగు వైపుల నుంచి పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, ఊరి పేరు, చెరువు పేరు, తేదీ రాసి పురావస్తు శాఖకు పంపండి. వందేళ్ళు పైబడిన శిల్పాలను నమోదు చేయించే ఏర్పాటు 1972 నాటి చట్టంలోనే ఉంది. రేపు ఎవరైనా ఎత్తుకుపోతే పోలీసులకు చూపించడానికి ఆ ఫొటోలే ఆధారం. దొంగతనం భయం నిజంగా ఉంటే, గ్రామసభలో మాట్లాడి అక్కడే ఇనుప జాలీ పెట్టించడం, అదీ కుదరకపోతే మ్యూజియానికి ఇవ్వడం గురించి ఆలోచించవచ్చు.

ఊరివారిని ఒప్పించవలసినవి మరి రెండే ఉన్నాయి. పండుగకు విగ్రహానికి ఆయిల్ పెయింటు వేయవద్దని చెప్పండి. పెయింటు కింద చెమ్మ బయటికి పోలేక, రాతిలోని ఉప్పు పొంగి, పై పొర పెచ్చులుగా ఊడుతుంది. విరిగిన చేతినో ముక్కునో సిమెంటుతో అతికించవద్దని కూడా చెప్పండి. పసుపు, కుంకుమ నీళ్ళతో కడిగితే పోతాయి, సిమెంటు పోదు.